మొగిలి ఘాట్ దిగేటప్పుడు ట్రైలర్ ఎందుకు ఊగుతోంది?

ప్రశ్న: అయ్యా, మాది పలమనేరు దగ్గర పల్లె. 45 హెచ్‌పీ ట్రాక్టర్ ఉంది. పోయినేడు రెండు చక్రాల ట్రైలర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా. తొట్టి పొడవు 10 అడుగులు. ముందు గోడ నుంచి ఇరుసు దాకా 6 అడుగులు, హుక్కు పిన్ను నుంచి ఇరుసు దాకా 10 అడుగులు, టేపు పెట్టి కొలిచినా. ఖాళీ ట్రైలర్ కాటాలో 1,200 కిలోలు తూగింది. తోతాపురి కాయలు 120 క్రేట్లు ఎక్కించుకొని మొగిలి ఘాట్ దిగి బంగారుపాళ్యం మార్కెట్‌కు తోలుతాం. ముందర 3 అడుగులు కూలోళ్లు నలుగురు కూర్చునేదానికి విడిచి, క్రేట్లు వెనకాల ఏడు వరసలు పేరుస్తాం. ఘాట్‌లోనూ, దిగినాక కొంచెం స్పీడు పెంచినా ట్రైలర్ అటూ ఇటూ ఊగతా ఉంది. హుక్కు దగ్గర టకటకమని ఒకటే శబ్దం. తిరిగి వచ్చేటప్పుడు దాణా, ఎరువు కలిపి 50 బస్తాలు ముందు గోడకు ఆనించి వేసుకొని వస్తాం, ఖాళీ క్రేట్లు వెనకాల పడేస్తాం. అప్పుడు ఊగదు గానీ ఎక్కుడులో స్టీరింగ్ తేలిపోతా ఉంది, తిప్పినా బండి తిరగదు. ఈ ట్రైలర్ తగిలించినాక దాని ముందు భాగం కొంచెం పైకి చూస్తా ఉంటుంది. మెకానిక్కు స్టీరింగ్ బాక్సు, ముందు టైర్లు మార్చాలంటాడు, ₹18,000 అవుతుందంట. మా బామ్మర్ది నాలుగు చక్రాల ట్రైలర్ తీసుకో, అన్నీ సరిపోతాయంటాడు. ఏం చేసేది?
— మామిడి రైతు, పలమనేరు మండలం

సమాధానం: ఆ ₹18,000 ఇప్పుడే తీయకండి. మీరు టేపు పట్టుకొని కొలిచి పంపడం చాలా మంచి పని అయింది. ఆ కొలతల్లోనే మీ జబ్బు కనపడుతోంది. దిగేటప్పుడు ఊగడం, ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలడం ఒకే లోపం అనుకొని మీరూ మీ మెకానిక్కూ స్టీరింగ్ వైపు చూస్తున్నారు. అవి రెండూ ఒకదానికొకటి ఎదురు జబ్బులు. మొదటిదానిలో హుక్కు మీద బరువు చాలడం లేదు. రెండోదానిలో హుక్కు మీద బరువు మరీ ఎక్కువైంది. రెండూ పుట్టేది సరుకు పేర్చే చోటే.

ఎద్దులబండి కట్టిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ మాట వాళ్లకు వివరించక్కర్లేదు. బండికి లోడు వేశాక కాడి దగ్గర పట్టుకొని ఎత్తి చూసేవాళ్లు. వెనక బరువైతే నొగలు పైకి లేచి ఎద్దుల మెడకింద తాడు బిగుసుకుంటుంది, ముందు బరువైతే మెడలు కుంగిపోతాయి. రెండూ కాకుండా కాడి మీద కాస్తంత బరువు ఆనేటట్టు ఒక మూటను ముందుకో వెనక్కో జరిపేవాళ్లు. మీ రెండు చక్రాల ట్రైలర్ కూడా ఇరుసు మీద ఊగే అలాంటి బండే. ఎద్దులకైతే బరువు తెలుస్తుంది, అడుగు వేయకుండా నిలబడిపోతాయి. ట్రాక్టర్ అలా చెప్పదు. ఎంత తప్పుగా వేసినా లాక్కుని పోతుంది, ఘాట్ మలుపు వచ్చేదాకా.

ఇక లెక్కలోకి వద్దాం. ఇరుసుకు ముందు పడిన బరువు హుక్కును కిందికి నొక్కుతుంది, ఇరుసుకు వెనక పడిన బరువు హుక్కును పైకి లేపుతుంది. ఎంత నొక్కుతుందో తెలియాలంటే, సరుకు మొత్తం బరువును, ఆ సరుకు నడిమధ్య ఇరుసు నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఉందో దానితో గుణించి, హుక్కు నుంచి ఇరుసు దూరంతో, అంటే మీ బండికి 10తో, భాగించాలి. అంతే.

క్రేటుకు 25 కిలోల చొప్పున మీ 120 క్రేట్లు 3,000 కిలోలు. ముందు 3 అడుగులు వదిలేశారు కాబట్టి సరుకు 3వ అడుగు నుంచి 10వ అడుగు దాకా ఉంది. దాని నడిమధ్య ముందు గోడ నుంచి ఆరున్నర అడుగుల దగ్గర పడుతుంది. ఇరుసు 6 అడుగుల దగ్గరే ఉంది. అంటే 3,000 కిలోల సరుకు ఇరుసుకు అర అడుగు వెనక కూర్చుంది. అది హుక్కును 150 కిలోల బలంతో పైకి లేపుతోంది. ఖాళీ ట్రైలర్ తన సొంత బరువులో ఓ 100 కిలోలు హుక్కు మీద వేస్తుందనుకుందాం. అది పోగా ఇంకా 50 కిలోలు పైకే. ముందు కూర్చున్న నలుగురి బరువు ఇరుసుకు నాలుగున్నర అడుగుల ముందు ఉంది, వాళ్ల వల్ల 100 కిలోలు పైచిలుకు కిందికి వచ్చింది. ఇప్పుడు హుక్కు మీద 50 కిలోలు. దీనికి తోడు ట్రైలర్ ముందు భాగం పైకి చూస్తోందని రాశారు. 10 అడుగుల దూరానికి అర అడుగు లేచినా, అంత ఎత్తు పేర్చిన సరుకు నడిమధ్య ఇంకో రెండు మూడు అంగుళాలు వెనక్కి జరుగుతుంది. దానివల్ల సుమారు 60 కిలోలు పోయాయి. మిగిలింది సున్నా.

మీరు విన్న టకటక శబ్దం ఈ సున్నాదే. హుక్కు మీద స్థిరమైన బరువు ఉంటే ట్రైలర్ కొసన ఉన్న రింగు హుక్కులో కిందికి ఆనుకొని ఉంటుంది. బరువు లేకపోతే రోడ్డు మీద ప్రతి కుదుపుకూ రింగు పైకీ కిందికీ కొట్టుకుంటుంది. మీరు ఆ శబ్దం గురించి రాయకపోయి ఉంటే నేను ఇంత ధైర్యంగా చెప్పగలిగేవాణ్ణి కాదు.

హుక్కు మీద బరువు లేకపోతే ఊగడం ఎందుకు మొదలవుతుందంటే, ట్రైలర్ పిన్ను చుట్టూ తిరగగలిగే వస్తువు. గుంతకో, పక్కన దూసుకుపోయిన లారీ గాలికో అది కాస్త పక్కకు జరిగితే, టైర్లు రోడ్డును పట్టుకొని దాన్ని మళ్లీ వరసలోకి తేవాలి. సరుకు బరువు ఇరుసుకు ముందు ఉంటే టైర్ల పట్టు దాన్ని సులువుగా వెనక్కి లాగి నిలబెడుతుంది. బరువు ఇరుసుకు వెనక ఉంటే, టైర్లు వరసలోకి తెచ్చే లోపే ఆ బరువు అటువైపు దాటిపోతుంది, మళ్లీ ఇటు తిరిగి వస్తుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు ఒక్కో ఊపూ చిన్నదై ఆగిపోతుంది. వేగం పెరిగే కొద్దీ ఊపు చల్లారే శక్తి తగ్గుతుంది. ఒక వేగం దాటాక ప్రతి ఊపూ ముందటి ఊపు కన్నా పెద్దదవుతుంది. ఆ హద్దు 80 కిలోమీటర్ల దగ్గర ఉందా 25 దగ్గర ఉందా అన్నది మీ లోడు తేలుస్తుంది. మీరు లోడుతో ఆ హద్దును ట్రాక్టర్ వేగం దాకా కిందికి దించుకున్నారు.

ఊగడం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది బ్రేకు. మన ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. మీ ట్రైలర్‌కు బ్రేకులు ఉన్నట్టు మీరు రాయలేదు, పాత రెండు చక్రాల ట్రైలర్లకు చాలావాటికి ఉండవు కూడా. అంటే ఘాట్‌లో మొత్తం బండిని ఆపాల్సింది ట్రాక్టర్ వెనక టైర్లు రెండే. వాటి పట్టు వాటి మీద ఉన్న బరువును బట్టి ఉంటుంది. మీ తరహా ట్రాక్టర్ సుమారు 2,000 కిలోలు, అందులో వెనక చక్రాల మీద 1,250 ఉంటుందనుకుందాం. హుక్కు మీద సున్నా అయితే ఆ 1,250 కిలోలతోనే, మనుషులతో కలిపి దాదాపు నాలుగున్నర టన్నుల ట్రైలర్‌ను పట్టి ఆపాలి. హుక్కు మీద 400 కిలోలు ఉంటే, హుక్కు ట్రాక్టర్ వెనక ఇరుసుకు ఇంకో రెండున్నర అడుగుల వెనక ఉంటుంది కాబట్టి వెనక చక్రాల మీద 550 దాకా పెరిగి 1,800 అవుతుంది. అదే టైర్లకు, అదే రోడ్డు మీద, పట్టు నూటికి 40 వంతులకు పైగా పెరిగింది. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

అంత పట్టు ఎందుకు కావాలో కూడా చూడండి. 15 అడుగులకు 1 అడుగు దిగే వాలు మీద 4,200 కిలోల ట్రైలర్ ట్రాక్టర్‌ను వెనక నుంచి 280 కిలోల బలంతో నెడుతూనే ఉంటుంది. బండి నేరుగా ఉన్నంతసేపు ఆ నెట్టుడు నేరుగా ముందుకే పోతుంది. మలుపులో ట్రాక్టర్ ఒకవైపు, ట్రైలర్ ఒకవైపు చూస్తున్నప్పుడు అదే నెట్టుడు ట్రాక్టర్ వెనక భాగాన్ని పక్కకు తోస్తుంది. వెనక టైర్లకు పట్టు లేక జారితే ట్రాక్టర్ రోడ్డుకు అడ్డం తిరుగుతుంది, ట్రైలర్ వచ్చి దాని మీద పడుతుంది. ఇలాంటి ప్రమాదాల్లో డ్రైవర్ నిద్రపోయాడనో తాగాడనో అంటారు. చాలాసార్లు ఆ ప్రమాదం తోటలో లోడు ఎక్కించేటప్పుడే తయారై ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఆ 3 అడుగుల ఖాళీ తీసేయండి. క్రేట్లను ముందు గోడ నుంచి వెనక డోరు దాకా 10 అడుగులూ పరచి పేర్చండి. ఏడు వరసల ఎత్తు ఐదుకు దిగుతుంది. సరుకు నడిమధ్య గోడ నుంచి 5 అడుగుల దగ్గరికి, అంటే ఇరుసుకు 1 అడుగు ముందుకు వస్తుంది. హుక్కు మీద సరుకు బరువు 300, ట్రైలర్‌ది 100, మొత్తం 400 కిలోలు. 4,200 కిలోల బండికి ఇది పదో వంతుకు దగ్గర. కార్లు, జీపుల వెనక ఒంటి ఇరుసు ట్రైలర్ కట్టేవాళ్లు మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు హుక్కు మీద ఉండాలని చూసుకుంటారు. మీకూ అదే గురి పెట్టుకోండి, మీ ట్రాక్టర్ మాన్యువల్‌లో హుక్కు మీద ఎంత బరువు వేయొచ్చో రాసిన హద్దు దాటకుండా. మీ బండిలో 3,000 కిలోల సరుకు ఒక్క అడుగు జరిగితే హుక్కు మీద 300 కిలోలు మారుతుందని గుర్తుంచుకుంటే చాలు, తోటలో నిలబడి మనసులోనే లెక్క కట్టుకోవచ్చు.

క్రేట్లన్నీ ఒకే బరువు ఉండవు. కాయ నిండుగా ఉన్నవి ఇరుసు మీదా, దానికి కొంచెం ముందూ, కిందటి వరసల్లో పెట్టండి. తేలికవి రెండు కొసలకూ పైకీ పోవాలి. సగటున బరువు సరైన చోటే ఉన్నా, ముందు కొసకు కొంతా వెనక కొసకు కొంతా బరువు పేరిస్తే ట్రైలర్ ఒకసారి తిరగడం మొదలుపెట్టాక ఆపడం కష్టం. కాటా లెక్కలో ఈ తప్పు దొరకదు, కంటితోనే చూసుకోవాలి. ఎడమా కుడీ సమానంగా ఉండాలి. తోట గట్టున ఏటవాలుగా నిలిపి లోడు చేస్తే పల్లం వైపు బరువు ఎక్కువ పడుతుంది, చదునైన చోట నిలపండి. జ్యూస్ ఫ్యాక్టరీకి క్రేట్లు లేకుండా కాయ వదులుగా పోసుకుని పోయే రోజుల్లో తొట్టి మధ్యలో అడ్డంగా ఒక పలక కట్టండి. లేకపోతే ఎక్కుడులో వెనక్కీ, దిగుడులో ముందుకూ కాయ దొర్లి, మీరు తోటలో సర్దిన బరువు ఘాట్‌లో వేరే చోట ఉంటుంది.

కూలివాళ్ల మాట. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే చెబుతాను. వాళ్లను ట్రైలర్‌లో ఎక్కించుకోవడం ఈ రోజుతో ఆపేయండి. సరుకు బండిలో మనుషులను తీసుకుపోవడం చట్టానికి విరుద్ధం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట పట్టుకునేది కూడా అదే. అంతకన్నా ముందు, వాళ్లు కూర్చున్న చోటు చూడండి. వెనక ఏడు వరసల క్రేట్లు, ముందు ఒక రేకు గోడ. బ్రేకు పడితే ఆ 3,000 కిలోలు వచ్చేది వాళ్ల వీపు మీదికే. వాళ్లకు చోటు ఇవ్వాలనే మీరు ఆ 3 అడుగులు వదిలారు, ఆ మంచితనమే ట్రైలర్‌ను ఊపుతోంది. రోజూ మీ కాయ కోసి పెట్టే మనుషులు వాళ్లు. బస్సు చార్జీ ఇవ్వండి, లేదా ఆటో మాట్లాడండి. స్టీరింగ్ కోసం మెకానిక్కుకు ఇవ్వబోయిన డబ్బుతో ఈ సీజనంతా వాళ్లు క్షేమంగా మార్కెట్‌కు చేరతారు.

ఇక తిరుగు ప్రయాణం. 50 బస్తాలు అంటే 2,500 కిలోలు. ముందు గోడకు ఆనించి 6 అడుగుల మేర వేస్తే దాని నడిమధ్య గోడ నుంచి 3 అడుగులు, అంటే ఇరుసుకు 3 అడుగుల ముందు. హుక్కు మీద సరుకుది 750, ట్రైలర్‌ది 100, కలిపి 850 కిలోలు. హుక్కు మీద నొక్కిన బరువు ట్రాక్టర్ వెనక ఇరుసును ఆధారం చేసుకుని ముందు చక్రాలను పైకి లేపుతుంది. ముందూ వెనక చక్రాల మధ్య దూరం ఆరున్నర అడుగులనుకుంటే, ముందు చక్రాల మీద 750 కిలోలు ఉన్నచోట 325 పోయి 425 మిగులుతుంది. ఇది చదును రోడ్డు మీద. ఎక్కుడు మొదలైతే రెండు కొత్త లెక్కలు వస్తాయి. ట్రైలర్‌ను లాగే బలం నేలకు 2 అడుగుల ఎత్తున హుక్కు దగ్గర పడుతుంది కాబట్టి అది కూడా ముందు భాగాన్ని లేపుతుంది, ఇంకో 100 కిలోలు పోతుంది. ట్రాక్టర్ తానే వాలు మీద వెనక్కి ఒరిగినందుకు 50. ముందు చక్రాల మీద మిగిలింది 300 లోపే. ట్రాక్టర్ బరువులో కనీసం ఐదో వంతు, మీకు 400 కిలోలు, ముందు చక్రాల మీద ఉంటేనే స్టీరింగ్ మాట వింటుంది. కొత్త టైర్లు వేసినా, కొత్త స్టీరింగ్ బాక్సు పెట్టినా, నేలను సరిగ్గా తాకని చక్రం బండిని తిప్పలేదు.

దీనికి మందు మీ ట్రైలర్‌లోనే ఉంది. వెనక పడేసిన ఖాళీ క్రేట్లను ముందుకు తెచ్చి గోడకు ఆనించి ఒకటిన్నర అడుగు మందాన పేర్చండి. వాటిని ఆనించి బస్తాలు మొదలుపెట్టండి. బస్తాల నడిమధ్య ఇరుసుకు ఒకటిన్నర అడుగు ముందుకు వస్తుంది, హుక్కు మీద మొత్తం 475 కిలోలే ఉంటుంది. ముందు చక్రాలకు 180 పోయి 570 దాకా మిగులుతుంది, ఎక్కుడులో కూడా 400 పైనే ఉంటుంది. ముందు ఖాళీ వదిలేసి బస్తాలు మాత్రం వెనక్కి జరపకండి, బ్రేకు వేస్తే జారి ముందుకు వస్తాయి, క్రేట్లతో బిగుతుగా నింపాలన్నది అందుకే. మిగిలిన ఖాళీ క్రేట్లు వెనక కట్టేసుకోవచ్చు, వాటి బరువు పెద్ద లెక్కలోనిది కాదు. ట్రాక్టర్ ముందు తగిలించే ఇనుప బరువులు మీ దగ్గర ఉంటే పెట్టుకోండి. కానీ వాటిని నమ్ముకొని బస్తాలు మళ్లీ గోడకు చేర్చకండి.

హుక్కు సంగతి. ట్రైలర్ ముందు భాగం పైకి చూడటం చిన్న విషయం కాదు. పాత యజమాని ట్రాక్టర్ హుక్కు మీదాని కన్నా కింద ఉండి ఉంటుంది. లోడు వేశాక తొట్టి అడుగు నేలకు సమాంతరంగా, కావాలంటే ముందుకు ఒక్క పిసరు వంగి ఉండాలి. మీ ట్రాక్టర్ హుక్కు బిగించే ప్లేటుకు కింద ఇంకో జత రంధ్రాలు ఉంటే హుక్కును వాటికి దించండి. లేకపోతే ట్రైలర్లు తయారు చేసే షాపులో డ్రాబార్ (ట్రైలర్‌ను హుక్కుకు కలిపే ముందు కడ్డీ) కొసను సరైన ఎత్తుకు మార్పించండి. రోడ్డు పక్క వెల్డింగ్ వాళ్లతో ఒక ముక్క అతికించుకోవడం వద్దు, 4 టన్నుల బండిని లాగే లాగుడంతా ఆ అతుకు మీదే పడుతుంది. ఎత్తు సరిపోతుంది కదా అని లిఫ్టు చేతుల మధ్య ఉండే రంధ్రాల పట్టీకి ట్రైలర్ తగిలించేవాళ్లు ఉన్నారు. అది పొలం పనిముట్లకు. రోడ్డు మీద అది పైకీ పక్కకూ కదులుతుంది. అంతకన్నా ఘోరం, బండి ఎక్కడైనా బురదలో ఇరుక్కుంటే గొలుసు తీసుకెళ్లి పైన టాప్ లింకు దగ్గర కట్టడం. వెనక ఇరుసు కన్నా ఎత్తులో కట్టి లాగితే ట్రాక్టర్ ముందు భాగం క్షణంలో లేచి డ్రైవర్ మీదికే వెనక్కి తిరగబడుతుంది. క్లచ్ నొక్కే వ్యవధి ఉండదు. లాగుడు ఏదైనా కింది హుక్కుకే.

పిన్ను తీసి వెలుతురులో చూడండి. మధ్యలో అరిగి సన్నబడి ఉంటే, రింగు రంధ్రం గుండ్రంగా కాకుండా సాగి ఉంటే మార్చండి. ఇన్నాళ్లు టకటక కొట్టుకుంది కాబట్టి అరిగే ఉంటుందని నా అనుమానం. పిన్ను రంధ్రానికి సరిపడా లావు ఉండాలి. చేతికి దొరికిన బోల్టు, సెంట్రింగు కడ్డీ ముక్క పనికిరావు. కింద లాకు క్లిప్పు తప్పనిసరి. ట్రాక్టర్‌కూ డ్రాబార్‌కూ మధ్య ఒక గట్టి గొలుసు కట్టండి, మలుపులో బిగుసుకోనంత వదులుగా, నేలకు తగలనంత పొట్టిగా. ట్రైలర్ టైర్లలో గాలి రెండువైపులా సమానంగా ఉండాలి, చక్రాన్ని జాకీ మీద లేపి ఊపితే బేరింగు కదలకూడదు. ఇవి అరగంట పనులు.

లెక్కను నమ్మడం కన్నా తూకం నమ్మండి. మీరు ఎలాగూ కాటా ఎక్కుతారు. ముందు ట్రాక్టర్‌ను ఒక్కదాన్నే తూచండి. తరువాత లోడుతో ట్రైలర్ తగిలించుకొని వచ్చి, ట్రాక్టర్ నాలుగు చక్రాలు మాత్రం కాటా మీద ఉండి ట్రైలర్ చక్రాలు బయట ఉండేటట్టు నిలిపి తూచమనండి. ఎంత పెరిగిందో అదే హుక్కు మీద బరువు. పెరగకపోతే సున్నా, తగ్గితే హుక్కు పైకి లేస్తున్నట్టు. కాస్త వెనక్కి జరిపి ట్రాక్టర్ ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి తూచితే, ఆ తూకమే ముందు చక్రాల మీది బరువు. కాటా అతను విసుక్కుంటాడు, రద్దీ లేని వేళ చూసుకొని పోండి. క్రేట్ల లోడుకు ఒకసారి, బస్తాల లోడుకు ఒకసారి చేస్తే చాలు. సరిపోయిన చోట తొట్టి గోడ మీద పెయింటుతో గీత గీసి, లోడు వేసేవాళ్లకు ఆ గీత చూపించండి. బండి మొత్తాన్ని కాటా ఎక్కించిన తూకంలోంచి ట్రాక్టర్ ఒంటి బరువు తీసేస్తే, ట్రైలర్ బరువు దాని ఆర్‌సీలో రాసినదానికి లోపలే ఉందో లేదో కూడా తెలిసిపోతుంది.

ఘాట్‌లో నడపడం గురించి రెండు మాటలు, ఎందుకంటే ఎంత బాగా పేర్చినా మీ ట్రైలర్‌కు బ్రేకు ఉన్నట్టు లేదు. వాలు మొదలవక ముందే గేరు తగ్గించండి. అదే లోడుతో ఆ ఘాట్ ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి. మధ్యలో గేరు మార్చబోతే ఆ రెండు సెకన్లు ఇంజిన్ పట్టు వదిలేస్తుంది, మళ్లీ పడకపోవచ్చు. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగే అలవాటు మీ డ్రైవర్‌కు ఉంటే ఈ రోజే మాన్పించండి. పొలంలో ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేయడానికి పెడల్స్ విడదీసి ఉంటారు. రోడ్డెక్కే ముందు ఆ రెంటినీ కలిపే లాకు వేయాలి, లేకపోతే ఒక్క చక్రానికే బ్రేకు పడి ట్రాక్టర్ గిర్రున తిరుగుతుంది. 20 కిలోమీటర్ల వేగం 30 అయితే ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు అవుతుంది.

ఎప్పుడైనా ఊగడం మొదలైతే స్టీరింగ్ నేరుగా గట్టిగా పట్టుకోండి, యాక్సిలరేటర్ మెల్లగా వదలండి. ఊపుకు ఎదురుగా స్టీరింగ్ తిప్పితే మీ చేయి ఎప్పుడూ ఒక అర క్షణం ఆలస్యంగా ఉంటుంది, ఊపు ఇంకా పెరుగుతుంది. బ్రేకు గట్టిగా తొక్కొద్దు, క్లచ్ నొక్కొద్దు. వేగం తగ్గితే ఊగడం దానంతట అదే ఆగుతుంది. ఆగాక పక్కకు నిలిపి సరుకు జరిగిందేమో చూసుకొని కదలండి.

మీ బామ్మర్ది చెప్పినదానిలో సగం నిజం ఉంది. నాలుగు చక్రాల ట్రైలర్ తన బరువు మొత్తం తన చక్రాల మీదే మోస్తుంది, హుక్కు మీద వేయదు. కాబట్టి ముందు చక్రాలు తేలడం చాలావరకు పోతుంది. కానీ మీ వెనక చక్రాలకు కావాల్సిన బరువు కూడా అది ఇవ్వదు, వాన పడిన ఘాట్ రోడ్డు మీద ఎక్కేటప్పుడు చక్రం తిరిగిపోవచ్చు, దిగేటప్పుడు అది నెట్టే నెట్టుడు మాత్రం తగ్గదు. ఇరుకైన తోటలో రివర్స్ చేయడం కూడా పెద్ద తంటా. సరుకు పెరిగి ఎప్పుడైనా కొనాల్సి వస్తే, చక్రాలు రెండా నాలుగా అని కాక, ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉన్నాయా అని మొదట అడగండి. అవి లేకుండా లోడు పెంచి మొగిలి ఘాట్ దిగమని నేను మీకు చెప్పను.

మెకానిక్కు చెప్పింది పూర్తిగా కొట్టిపారేయక్కర్లేదు. ట్రైలర్ విప్పేసి ట్రాక్టర్‌ను ఒక్కదాన్నే రోడ్డు మీద నడిపి చూడండి. అప్పుడు కూడా స్టీరింగ్‌లో వదులు తెలిసినా, బండి ఒక పక్కకు లాగినా, ముందు టైర్ల గాడులు అరిగిపోయి కనిపించినా ఆ పని చేయించండి. ఒంటి ట్రాక్టర్ చక్కగా పోతుంటే ఆ డబ్బులో కొంత కొత్త పిన్నుకూ, రింగుకూ, హుక్కు ఎత్తు సరిచేయడానికీ పెట్టండి.